ముప్పై రెండో వరుస

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
జూన్ 18, బుధవారం

చిరంజీవి హిమబిందుకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మీ తాతగారూ నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. మిన్నీ బేలో మీ అమ్మా నాన్నా కూడా బాగున్నారు, మొన్న శుక్రవారం వచ్చి చూసి వెళ్ళారు. నువ్వు హైదరాబాదులో వేళకి తింటున్నానని రాశావు. ఆ వాక్యాన్ని నేను నమ్మలేదు కానీ, రాయాలని తోచినందుకు సంతోషించాను.

నీ ఉత్తరం పదకొండో తారీఖున అందింది. రెండు పేజీల్లో తొమ్మిది తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్ది ఇందులోనే పెట్టి పంపుతున్నాను, చూసుకో. ఫోనులో తేలిపోయే మాటలకి ఉత్తరాలెందుకు అమ్మమ్మా అని అడిగావు. నీకు తెలుగు మాట్లాడడం వచ్చినంతగా రాయడం రాదు, అది ఒక కారణం. ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు, అది రెండోది. ఈసారి నేను చెప్పబోయేది మధ్యలో ఆపితే తప్పుగా అర్థమవుతుంది.

తాతగారి మోకాలి గురించి అడిగావు. ఆపరేషన్ అయి నేటికి పదకొండు వారాలు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు, నా లెక్కన నాలుగు వందల పది అడుగులు. మెట్లు మాత్రం ఇంకా ఎక్కనివ్వడం లేదు. వానలు మొదలయ్యాయా అని అడిగావు. మొదలయ్యాయి. సోమవారం గాలికి బాంబూఫ్లాట్ ఫెర్రీ రెండు గంటలు ఆపేశారు.

ఇక అసలు ప్రశ్న, నువ్వు తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట గురించి. ఈ నెల ముప్పైన మీ ఆఫీసులో మీటింగ్ ఉందని, ఆటలో 'సులభం' అనే స్థాయిని మొత్తం తీసేసి 'కఠినం' ఒక్కటే ఉంచాలని ఆ రోజు తేల్చబోతున్నారని రాశావు. దానికి ఆధారం తాతగారి ఆట చూసి నేను రాసి పంపిన పట్టికే అన్నావు. "డెబ్బై రెండేళ్ల మా తాతే ముప్పై రెండోసారికి గెలిచాడు, ఇంకెవరికి కావాలి సులభం" అని నువ్వు అంటే అందరూ చప్పట్లు కొట్టారట. హిమా, ఆ స్థాయి తీసేసే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. స్పీడ్ పోస్టుకి ఆరు రోజులు, వానలకి ఇంకో రెండు రోజులు వేసుకున్నా ఇరవై ఆరుకల్లా నీ చేతిలో ఉండాలి.

జరిగింది మొదటినుంచీ రాస్తాను. పట్టికలో గళ్ళు చాలలేదు.

ఏప్రిల్ నెలంతా మీ తాతగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేవారు. ముప్పై ఏళ్లు ఓడల మీద సరంగుగా డెక్ మీది మనుషులందరినీ నడిపించిన మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడేవారు కాదు. అందులో నాలుగు 'ఊఁ'లు. నేను లెక్కపెట్టాను కాబట్టే రాస్తున్నాను. అప్పుడు నువ్వు లాప్‌టాప్ పంపావు. ఐదుగురు మనుషుల జట్టుని వెంటేసుకుని కొండలూ నదులూ దాటించే ఆట, అందులో పోరాటాలు తయారుచేసే పని నాది, తాతయ్య ఆడాలి, నువ్వు పట్టిక రాయాలి అన్నావు. ఎన్నోసారి, ఎన్ని వంతులు, ఎన్ని మందులు వాడారు, గెలుపా ఓటమా, చివరి గడిలో 'ఆనందం: ఐదుకి ఎన్ని'.

ఐదుగురికీ పేర్లు పెట్టమని ఆట అడిగింది. ఆయన తన పాత ఓడ మనుషుల పేర్లు పెట్టారు. డాలు పట్టుకునేవాడు నూకన్న, విల్లువాడు కన్నారావు, మంత్రాలవాడు చిట్టిబాబు, కత్తివాడు మణికుమార్. వైద్యురాలికి ఆడపేరు కావాలంటే నా వైపు చూసి 'ప్రమీల' అని నా పేరే కొట్టారు. నా అనుమతి అడగలేదు.

దారిలో చిన్న చిన్న దొంగల్ని దాటి రెండు రోజుల్లో నది మీది వంతెన దగ్గరికి చేరారు. అక్కడ నువ్వు పెట్టిన కాపలా రాక్షసుడున్నాడు. కఠినం స్థాయిలో వాడు జట్టులో ఎవరు బలహీనులో చూసి వాళ్ళ మీదే పడతాడని, పడిపోయినవాళ్ళు మళ్ళీ లేవరని నువ్వే రాశావు. సరే. డాలున్నవాణ్ణి ముందు నిలబెట్టి, మందులున్నదాన్ని వెనక దాచాలని నాకు రెండోసారికే అర్థమైంది. మీ తాతగారికి ముప్పై ఒకటోసారికి కూడా అర్థం కాలేదు. కాదు, అర్థమైంది, ఒప్పుకోలేదు.

"రోజూ నూకన్నే ముందుండాలా? మనిషి కాదేటి ఆడు?" అన్నారు.

ఒక కాగితం మీద డ్యూటీ చార్టు వేశారు. ఒకసారి నూకన్న ముందు, తర్వాత కన్నారావు, తర్వాత చిట్టిబాబు, మణికుమార్, నేను. ఓడలో వాచ్ డ్యూటీ మార్చినట్టు మార్చారు. ముప్పై ఒక్క పోరాటాల్లో నేను ఆరుసార్లు ముందు నిలబడ్డాను. ఆరుసార్లూ నాలుగో వంతు దాటకుండానే పోయాను.

"ఏమండీ, చేతిలో దూదీ మందుసీసా తప్ప లేనిదాన్ని రాక్షసుడికి ఎదురుగా నిలబెడితే ఏమవుతుంది?" అని అడిగాను.

"చార్టు చార్టే టీచరమ్మా. నీకొక రూలు, ఆళ్ళకొక రూలా?"

ఇలా మే రెండు నుంచి ముప్పై వరకు ముప్పై ఒక్కసారి ఓడారు. ఒక్కోసారి నలభై నిమిషాలు. సగటున ఇరవై మూడు వంతులు, తొమ్మిది మందులు. ఇవి రాయడం నాకు కష్టం కాలేదు. నన్ను తికమక పెట్టింది ఆ చివరి గడి. ఓడినప్పుడల్లా ఆయన హిందీలో తిట్టేవారు, లాప్‌టాప్ మూత దబ్బున వేసేవారు. సరే, ఐదుకి ఒకటి అని రాసేదాన్ని. పావుగంటకి అన్నం మధ్యలో చెయ్యి ఆపి, పప్పులో వేలితో వంతెన గీసి, "ఇదిగో, కన్నారావు ఇక్కడుండి బాణమేస్తే? నువ్వేటంటావు?" అని అడిగేవారు. నేను అది కుదరదనేదాన్ని. ఎందుకు కుదరదని వాదించేవారు. మా పెళ్ళయిన నలభై ఏడేళ్లలో ఆయన నా అభిప్రాయం ఇన్నిసార్లు అడగడం ఎప్పుడూ లేదు. ఆ వాదనని నేను ఎక్కడ రాయాలి? తిట్టినందుకు తీసేయాలా, అన్నం చల్లారిపోయినందుకు కలపాలా? ఒకటి కొట్టేసి మూడు వేశాను, మళ్ళీ మూడు కొట్టేసి రెండు వేశాను. నువ్వు 'పట్టికలో కొట్టివేతలు ఎక్కువున్నాయి అమ్మమ్మా' అని వెక్కిరించావు. అవి ఇవే.

ముప్పై రెండోసారి గెలిచాక రెండు వారాలు ఏం జరిగిందో కూడా రాస్తాను. గెలిచిన రోజు ఆయన వీధిలో మూడు ఇళ్ళకి స్వీట్లు పంపారు. బాంబూఫ్లాట్‌లో ఉన్న అసలు నూకన్నకి ఫోన్ చేసి, "చూశావా, డ్యూటీ సమంగా పంచితే ఎవడూ చావడు! ఒక్కడూ పోలేదు!" అన్నారు. ఆనందం గడిలో ఐదు వేశాను. మర్నాడు కొండ మీది తోడేళ్లని ఐదు వంతుల్లో చంపారు. ఆ మర్నాడు గుహలో ఉన్న రాక్షసుల్ని నాలుగు వంతుల్లో. మందుసీసా ఒక్కటి కూడా మూత తీయలేదు. "ఈ దేశంలో రాక్షసులకి నీరసం పట్టుకుందేటి?" అన్నారు. నాలుగో రోజు ఆడుతూ ఆడుతూ కుర్చీలో నిద్రపోయారు. వంతు ఆయనది కాబట్టి రాక్షసుడు గంటా పది నిమిషాలు కత్తెత్తి అలాగే నిలబడి ఉన్నాడు. ఎలా ఉందండీ ఆట అని అడిగితే, "బాగుంది" అన్నారు. ఓడిన రోజుల్లో ఒక్కనాడూ బాగుందనలేదు. బాగుందన్నారు కాబట్టి నాలుగు వేయాలి. నాలుగే వేశాను. అన్నం మాత్రం వేడివేడిగానే అయిపోయేది. మళ్ళీ కిటికీ దగ్గరి కుర్చీకి చేరారు.

నాకు లెక్కలు వచ్చు హిమా. ఇది నా లెక్కలకి అందలేదు. గెలిచినవాడు ఎందుకు చప్పబడతాడు?

ఎందుకో నాకు తెలుసు. ఇంతసేపూ చుట్టూ తిరిగాను, ఇక రాస్తాను.

మే ముప్పైన, ముప్పై ఒకటోసారి ఓడాక, ఆయన తిట్టలేదు. మూత మెల్లగా వేశారు. "నావల్ల అవదు గానీ, దీన్ని పిల్లకి పంపించేయ్ టీచరమ్మా" అన్నారు. ఏప్రిల్ నెలలో విన్న గొంతు అది. మర్నాడు ఉదయం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను లాప్‌టాప్ తెరిచాను. నువ్వు ఫోనులో చూపించిన చోటికి వెళ్ళి 'కఠినం' మీదున్న గుర్తుని 'సులభం' మీదకి జరిపాను. రెండు నిమిషాల పని. తర్వాత ఆఖరిసారి ఆడి చూడండి అని బతిమాలాను. ఆరు నిమిషాల్లో గెలిచారు. ఆరు నిమిషాలని కూడా నేను పట్టికలో రాయలేదు. నలభై అని రాశాను. స్థాయి గడిలో 'కఠినం' అని రాశాను. జూన్ ఒకటిన ఫొటో తీసి ఫోనులో నీకు పంపాను, తర్వాతి వరుసలు కూడా అలాగే.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. మీ అమ్మ తొమ్మిదో తరగతిలో నా దగ్గరే చదివింది. పాసవడానికి ముప్పై అయిదు కావాలి, దానికి ముప్పై నాలుగు వచ్చాయి. ముప్పై నాలుగే వేశాను. వారం రోజులు అది నాతో మాట్లాడలేదు. హెడ్మాస్టరు వచ్చి ఒక్క మార్కే కదమ్మా అన్నా నేను వినలేదు. ఆ మనిషినే నేను. నా పట్టికంత నమ్మకమైనది ఆఫీసులో ఇంకొకటి లేదని నువ్వు రాసిన వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. దాని ఆధారంగా, ఎక్కడో ఇంకో ముసలాయనకి నేను జరిపినట్టు గుర్తు జరుపుకునే వీలు కూడా లేకుండా చేయబోతున్నారు. మీ తాత గెలిచాడు కాబట్టి. మీ తాత గెలవలేదు. ముప్పై రెండో వరుస మొత్తం కొట్టెయ్. ఆ తర్వాతి తోడేళ్ల వరుసలూ గుహ వరుసలూ కూడా.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయనే చదివించుకుని విన్నారు. చప్పట్ల దగ్గర రెండోసారి చదవమన్నారు. నేను చదవలేకపోయాను. మర్నాడు టిఫిన్ అయ్యాక చెప్పేశాను. ఆయన కర్ర పట్టుకుని వసారాలోకి వెళ్ళారు. ఆ రోజంతా, ఆ మర్నాడంతా నాతో మాట్లాడలేదు. మీ అమ్మ వచ్చి, "ఏంటమ్మా, నాన్నకేమైంది, ఇద్దరూ రూఠ్‌కర్ అలిగి కూర్చున్నారా?" అని అడిగితే మోకాలి నొప్పి అని చెప్పాను. అది ఇంకో అబద్ధం.

శనివారం పొద్దున్న ఆయనే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఎప్పటినించి మార్చావు?"

"ముప్పై రెండోసారి నుంచి."

"ముందరివో?"

"ముట్టుకోలేదు. ముప్పై ఒకటీ నిజమే."

"ఖచ్చితంగా?"

"పట్టిక చూపించమంటారా?"

"ఒద్దులే. అంటే ఓడిపోయినవన్నీ నావి. గెలిచిందొక్కటే నీది." మళ్ళీ, "పక్కింటోళ్ళకి స్వీట్లు కూడా ఇచ్చేశాను గదే" అన్నారు. నవ్వుతున్నారో కోపంగా ఉన్నారో నాకు తెలియలేదు. నలభై ఏడేళ్లయినా ఆ ముఖం నాకు పూర్తిగా చదవడం రాదు. "చలో, ఎక్కడ పాడు చేశావో అక్కడ పెట్టు" అని లాప్‌టాప్ నా ముందుకి తోశారు. వంతెన ముందు దాచుకున్న ఆట ఉంది. స్థాయి కఠినానికి తెచ్చాను, ఈసారి ఆయన చూస్తుండగా. ఆ రోజే రెండుసార్లు ఓడి, రెండుసార్లూ మూత దబ్బున వేశారు. వంటింట్లో ఆ చప్పుడు విని నాకు ఎందుకు హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆదివారం నూకన్న ఫెర్రీ దాటి వచ్చాడు. గెలుపు సంగతి ఫోనులో విన్నాడు కదా, కళ్ళారా చూడాలని వచ్చాడు. చార్టు ప్రకారం అప్పుడు ముందు నేను. అతను కళ్ళద్దాలు సవరించుకుని తెరకి దగ్గరగా వంగాడు.

"సరంగ్ సాబ్, ఈ ముందరున్నదెవరు?"

"టీచరమ్మ."

"ఎనకాల డాలట్టుకుని నిల్చున్నదో?"

"నువ్వే."

"అరే! అమ్మగార్ని ముందుకి తోసి నేను ఎనకాల డాలట్టుకుని నిల్చున్నానా? బాంబూఫ్లాట్‌లో ఎవడికైనా తెలిస్తే నా ఇజ్జత్ ఏటవుద్ది సాబ్?"

అతను అంటుండగానే నేను పోయాను. తర్వాత తెర మీది నూకన్నా పోయాడు. అసలు నూకన్న తన చావుని కాస్త ఆసక్తిగానే చూశాడు. "నన్ను రోజూ ముందరెట్టండి. నేనేనాడైనా రెస్టు అడిగినానా?"

"అడగలేదు. అడగనోడికి రెస్టివ్వడానికే రా సరంగున్నది" అన్నారు మీ తాతగారు.

నూకన్న కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నాతో, "అమ్మగారూ, ఛోడ్ దీజియే, వదిలేయండి. ఈయన మారడు" అని టీ అడిగాడు. మొత్తానికి గెలుపు అబద్ధమని అతనికి కూడా ఆయనే చెప్పారు. నా పేరు మాత్రం చెప్పలేదు. 'సెట్టింగు తప్పు పడింది' అన్నారు.

ఇక ఈ రోజు సంగతి. ఇది ముప్పై ఎనిమిదోసారి, ముందు చిట్టిబాబు. మంత్రాలవాడు ముందుంటే ఏమవుతుందో అదే అయింది. చిట్టిబాబు ఆరో వంతులో, నూకన్న పన్నెండులో, మణికుమార్, కన్నారావు ఒకే దెబ్బకి పంతొమ్మిదిలో పడిపోయారు. మిగిలింది నేను. రాక్షసుడి బలం గీత ఒక వెంట్రుకంత ఉంది. మందులన్నీ అయిపోయి నా చేతిలో ఒక కర్ర తప్ప ఏమీ లేదు. "కొట్టండి, ఏమైతే అదైంది" అన్నాను, పట్టిక పక్కన పెట్టి నిలబడి. ఆయన కొట్టారు. రాక్షసుడు నదిలో పడిపోయాడు. తెర మీద పెద్ద అక్షరాలతో 'విజయం' అని వచ్చింది. కఠినం స్థాయిలో, నిజంగా, ఎవరూ ఏమీ జరపకుండా.

నేను చప్పట్లు కొట్టాను. ఆయన కొట్టలేదు. కింద రెండు మీటలున్నాయి, 'ముందుకు' అని ఒకటి, 'మళ్ళీ మొదటి నుంచి' అని ఒకటి. ఆయన నదివైపు చూస్తూ కూర్చున్నారు. వంతెన మీద నలుగురు పడి ఉన్నారు, ఒక్కతే నిలబడి ఉంది.

"నొక్కండి, ఏం చూస్తున్నారు? గెలిచారు" అన్నాను.

"నలుగురు ఇక్కడ పడి ఉంటే టీచరమ్మ ఒక్కతీ ఎక్కడికెలిపోద్ది?" అన్నారు. 'మళ్ళీ మొదటి నుంచి' నొక్కారు. మూత దబ్బున వేయలేదు, మెల్లగానూ వేయలేదు. తెరిచే ఉంచి, చార్టు కాగితం తిప్పి వెనక వైపు ఏదో గీసుకుంటున్నారు. ఇది రాస్తున్నంతసేపూ ఆ పక్క గదిలోంచి నన్ను రెండుసార్లు పిలిచారు, కన్నారావు ఎక్కడుండాలని.

అందుకే హిమా, నాకు ఒక సందేహం. రాక్షసుడికి ఎంత బలముండాలన్నది ఒక సంగతి. పడ్డవాళ్ళు లేవాలా వద్దా అన్నది ఇంకో సంగతి. ఈ రెంటినీ ఒకే స్థాయికి ఎందుకు కట్టావు? మీ తాతగారికి రాక్షసుడు గట్టివాడే కావాలి, మనుషులు మాత్రం లేవాలి. ఆయనకి సరిపడేది నీ కఠినంలో లేదు, నీ సులభంలోనూ లేదు. సులభం ఉంచమని నేను చెబుతున్నానా? మొన్నటిదాకా నేనే దాన్ని దొంగతనంగా వాడాను, అది ఆయన్ని నిద్రపుచ్చింది. తీసేయమంటున్నానా? మే ముప్పైన అది లేకపోతే లాప్‌టాప్ నీకు తిరిగొచ్చేసి ఉండేది. ఆ రోజు గుర్తు జరిపినందుకు తప్పు చేశానా అంటే చేశాను. చేయకుండా ఉండాల్సిందా అంటే తెలియదు. మీ మీటింగ్‌లో నా తప్పు నా పేరుతోనే చెప్పు, దాచవద్దు. చప్పట్లు కొట్టినవాళ్ళకి అది వినే హక్కుంది.

సరిచేసిన పట్టిక జత చేశాను. ముప్పై ఎనిమిదో వరుసలో వంతులు ఇరవై ఒకటి, మందులు తొమ్మిది, నలభై నాలుగు నిమిషాలు. గెలుపా ఓటమా అన్న గడిలో నీ ఆట గెలుపంటోంది, మీ తాతగారు ఓటమంటున్నారు. ఆనందం గడి సంగతి సరేసరి. ఆ రెండు గళ్ళూ ఖాళీగా వదిలాను. నేను ఖాళీ గడి వదిలిన పట్టిక ఇదొక్కటే. వాటిలో ఏం రాయాలో ఆట చేసినదానివి నువ్వే చెప్పు. మూడోసారి పిలుస్తున్నారు, వెళ్ళాలి.

ఇట్లు,
తప్పు లెక్క పంపి, దిద్దుకుంటున్న
మీ అమ్మమ్మ
ప్రమీల